ఏజెన్సీ వదిలి ఎడ్లబండి ఎక్కేవారికి తొమ్మిది అమూల్య సలహాలు

పదేళ్లుగా సబ్బులు అమ్మిపెట్టారు, సిమెంటు అమ్మిపెట్టారు, కాకి కూడా వాలని చోట వెంచర్లు వేస్తే ప్లాట్లు అమ్మిపెట్టారు. ముప్ఫై సెకన్లలో అత్తాకోడళ్లను కలిపారు. ఇరవై సెకన్లలో బట్టతల మీద జుట్టు మొలిపించారు. ఇక చాలనిపించింది. లోగో ఇంకాస్త పెద్దది చేయమని క్లయింటు ఫోన్ చేసిన మధ్యాహ్నం మీకు హఠాత్తుగా పల్లె గుర్తొచ్చింది. శుభం. స్వతంత్రంగా సినిమా తీయడానికి, అందులోనూ పల్లె మీద తీయడానికి, మీకంటే అర్హులు లేరు.

ఈ దారిన మీకంటే ముందు నడిచినవాళ్లు కొందరున్నారు. సత్యజిత్ రాయ్ కలకత్తాలో డి.జె. కీమర్ అనే బ్రిటిష్ ప్రకటనల కంపెనీలో బొమ్మలు వేసేవారు. మన అల్వాల్‌లో పెరిగిన శ్యామ్ బెనెగల్ బొంబాయి లింటాస్‌లో కాపీరైటర్. ఇరాన్‌లో అబ్బాస్ కియరోస్తమీ 1960లలో టీవీ కోసం వందకు పైగా యాడ్‌లు తీశారు. ముగ్గురూ ఆ తర్వాత పల్లెలకు వెళ్లి సినిమాలు తీసి ప్రపంచమంతా పేరు తెచ్చుకున్న మాట నిజమే. కానీ వాళ్లు పని చేసిన పద్ధతి చూస్తే ఒక్కటీ సవ్యంగా లేదు. ఆ పొరపాట్లు మీరు చేయకూడదనే ఈ సలహాలు.

1. ముందు రాజీనామా, కథ సంగతి తర్వాత

రాజీనామా శుక్రవారం సాయంత్రం పంపండి. హైదరాబాద్ ఆఫీసుతో సరిపెట్టుకోకుండా ముంబయి హెడ్డాఫీసుకు కూడా కాపీ పెట్టండి. ఆ రాత్రే లింక్డ్‌ఇన్‌లో ఒక పోస్టు రాయండి. అందులో ‘మట్టి’, ‘మూలాలు’, ‘ఊపిరి’ అన్న మాటలు తప్పనిసరి. స్క్రిప్టు ఉందా అని ఎవరైనా అడిగితే నవ్వి ఊరుకోండి. స్క్రిప్టు చేతిలో ఉన్నవాడు రాజీనామా చేయడంలో సాహసం ఏముంది?

రాయ్‌ని చూడండి. 1943లో నెలకు 80 రూపాయలకు ఉద్యోగంలో చేరారు. 1950లో కంపెనీ ఆయన్ని లండన్ పంపితే ఆఫీసు పని చేసుకుంటూనే వంద దాకా సినిమాలు చూసి, ఓడలో తిరిగొస్తూ ‘పథేర్ పాంచాలి’ పని మొదలుపెట్టారు. 1952 అక్టోబరులో షూటింగ్ మొదలయ్యాక కూడా కుర్చీ వదల్లేదు. ఆదివారాలు, సెలవు రోజులు సినిమా. సోమవారం మళ్లీ ఆఫీసు. ఇందులో త్యాగం ఎక్కడుంది? రేపు మిమ్మల్ని ఎవరైనా పోడ్‌కాస్ట్‌కి పిలిస్తే ‘సోమవారం ఆఫీసుకెళ్లాను’ అని చెబుతారా?

బెనెగల్ మరీ నెమ్మది. 1959లో యాడ్‌లలోకి వెళ్లారు, ‘అంకుర్’ వచ్చింది 1974లో. అప్పటికి ఆయనకు ముప్ఫై తొమ్మిదేళ్లు. ఈ మధ్యలో వందల కొద్దీ యాడ్ ఫిల్ములు, డాక్యుమెంటరీలు తీస్తూ చెయ్యి సాధన చేశారట. పదిహేనేళ్ల సాధన! ఆ వ్యవధిలో మీ బ్యాచ్‌వాళ్లు రెండు స్టార్టప్‌లు పెట్టి రెండూ మూసేస్తారు. మీకంత తీరిక లేదు. ఫ్లాట్ ఈఎంఐ ఐదో తారీకున ఎలాగూ గుర్తు చేస్తుంది.

2. ఊరిని ఆదివారం చూసుకోండి

ఊరి ఎంపిక పెద్ద పనేం కాదు. ఔటర్ రింగ్ రోడ్డు దిగాక గంటన్నరలోపు ఉండాలి. చుట్టుపక్కల ఏసీ గదులున్న హోటల్ ఉండాలి. ఊళ్లో ఒక మర్రిచెట్టు, కింద రచ్చబండ, దాని మీద చొక్కా లేని ముసలాయన ఉండాలి. ముసలాయన చొక్కా వేసుకొని ఉంటే విప్పించండి.

కెమెరా పెట్టేముందు ఊరిని శుభ్రం చేయాలి. చెత్త గురించి కాదు నేను చెప్పేది. ఇరవై లీటర్ల క్యాన్లు నింపే వాటర్ ప్లాంటు, సెల్ టవరు, ఇంగ్లిష్ మీడియం స్కూలు పసుపు బస్సు, చిన్న లీడరు పుట్టినరోజుకు కట్టిన పెద్ద ఫ్లెక్సీ, కిరాణా కొట్టు గల్లాపెట్టె పక్కన క్యూఆర్ కోడ్, ఉపాధి పనిలో ఫోన్‌తో ఫొటో తీసి హాజరు వేసే మేటు, ఇవన్నీ ఫ్రేములోంచి వెళ్లిపోవాలి. మీ పల్లెలో వరి కోసేది ఆడవాళ్లే. వరసగా, కొడవళ్లతో, ఎర్ర చీరల్లో. ‘ఇప్పుడు మిషనే కోస్తుందండీ, గంటల లెక్కన కిరాయి కడతాం’ అని ఎవరైనా అంటే ఆ మనిషిని మర్నాడు షూటింగ్‌కి పిలవకండి. మీరు వెతుకుతున్నది ఈ ఊరు కాదు. టీపొడి యాడ్ కోసం మీరే ఒకసారి కట్టించిన ఊరు. ఆ సెట్టు ఇంకా గోడౌన్‌లోనే పడి ఉండొచ్చు, కనుక్కోండి.

3. సమస్య ఒక్కటే ఉండాలి, అది ముందే తెలిసి ఉండాలి

బ్రీఫ్ లేకుండా పని చేయడం మీకు అలవాటు లేదు. ఇప్పుడూ ఒకటి రాసుకోండి: ‘రైతు కష్టం’. నెర్రెలిచ్చిన నేల, ఆకాశంకేసి చూసే కళ్లు, చెట్టుకు వేలాడే తాడు. మూడు షాట్లు, కథ పూర్తి. అంతకుమించి ఆరా తీశారో, చిక్కుల్లో పడతారు.

ఉదాహరణకు ఆ పొలం నీదేనా అని అడిగారనుకోండి. కాదు, కౌలుకు చేస్తున్నానంటాడు. భూమి ఒకరిది, అప్పు ఇంకొకరిది, పంట నష్టం మాత్రం ఇతనిది. 2018లో తెలంగాణలో రైతుబంధు మొదలైనప్పుడు ఆ డబ్బు పట్టాదారు ఖాతాలో పడింది, దున్నిన కౌలుదారుకు కాదు. ఆంధ్రాలో 2019లో తెచ్చిన చట్టం ప్రకారం సాగుదారు కార్డు కావాలంటే భూ యజమాని ఒప్పుకొని సంతకం పెట్టాలి. పెడితే పొలం ఎక్కడ పోతుందోనని ఆయన భయం. కార్డు లేకపోతే బ్యాంకు లేదు, ఇక మిగిలింది పురుగుమందుల కొట్టాయన. మందూ ఆయనే అప్పిస్తాడు, పంటా ఆయనే కొంటాడు. ఇదంతా తెర మీద చెప్పాలంటే ఎంత లేదన్నా పది నిమిషాలు. పది నిమిషాల్లో ఇరవై సూర్యాస్తమయాలు చూపించొచ్చు.

‘అంకుర్’లో బెనెగల్ ఈ తప్పే చేశారు. దొర కొడుకు, ఇంట్లో పనిచేసే ఆడమనిషి, ఆమె మూగ మొగుడు, వీళ్ల మధ్య కులం, భూమి, కోరిక, భయం అన్నీ కలగలిపి పెట్టారు. ఎవరిది తప్పో తేల్చే వాయిస్ ఓవర్ లేదు. చివర్లో ఒక చిన్న పిల్లాడు దొర ఇంటి కిటికీ మీదికి రాయి విసురుతాడు, అంతే. ట్యాగ్‌లైన్ కూడా లేదు. ఏ క్లయింటు పాస్ చేస్తాడండీ ఇలాంటి ముగింపు?

4. నటులు విమానంలో రావాలి, యాస ఏదైనా పర్లేదు

కథానాయిక ముంబయి నుంచి వస్తే మంచిది. ముఖానికి రెండు షేడ్లు ముదురు మేకప్ వేస్తే పల్లెపడుచు అయిపోతుంది. ఊరివాళ్లను వెనక నిలబెట్టండి, ఎదురుగా మాత్రం వద్దు. వాళ్లకో దురలవాటు ఉంది. డైలాగు చెప్పమంటే ‘మేం ఇట్లనం గదా సారూ’ అంటారు. ఒకసారి విన్నారంటే మీ స్క్రిప్టులో సగం కొట్టేసుకోవాల్సి వస్తుంది.

‘పథేర్ పాంచాలి’లో ముసలావిడ వేషానికి రాయ్ ఎనభై ఏళ్ల చునీబాలా దేవిని వెతికి తెచ్చారు. తెర మీద ఆవిడ నడుం వంపు చూస్తే మేకప్ మనిషికి పనేం లేదనిపిస్తుంది. సినిమా విడుదలయ్యేసరికి ఆవిడ లేరు. తమిళంలో మణికండన్ ‘కడైసి వివసాయి’లో నల్లాండి అనే నిజం రైతుతోనే రైతు వేషం వేయించారు. ఆయన కూడా 2022లో సినిమా విడుదలయ్యేలోపే కన్నుమూశారు. మన దగ్గర 2018లో ‘కేరాఫ్ కంచరపాలెం’ ఆ పేటవాళ్లనే పెట్టి తీశారు. ఇలా చేస్తే ప్రేక్షకులు నటన సంగతి మరిచిపోయి మనుషుల్ని చూస్తూ కూర్చుంటారు. మీ దర్శకత్వ ప్రతిభ ఎవరి కంట పడుతుంది?

యాస గురించి బుర్ర పాడుచేసుకోకండి. ఒకే ఇంట్లో తాత సిద్దిపేట, తల్లి కర్నూలు, కొడుకు శ్రీకాకుళం మాట మాట్లాడినా ఇబ్బంది లేదు. మొత్తం కలిపి పల్లె భాష. ‘అంకుర్’లో పాత్రలు హైదరాబాద్ చుట్టుపక్కల వినిపించే దక్కనీలో మాట్లాడాయి. బొంబాయి హిందీలో మాట్లాడించి ఉంటే మిగతా దేశానికి ఎంత సుఖంగా ఉండేది!

5. పశువులకూ పంటలకూ కాల్‌షీటు ఇవ్వండి

నారు పోయడం నుంచి నూర్పిడి దాకా మీ కథలో అన్నీ ఉన్నాయి. నాటు వేసిన చేను కోతకు రావడానికి మూడు నాలుగు నెలలు పడుతుందని రైతు అంటాడు. మీ షెడ్యూలు పద్దెనిమిది రోజులని అతనికి చెప్పండి. ఒప్పుకోకపోతే కోసిన వరి కట్టలు కొని బురదలో గుచ్చండి.

ఎడ్ల విషయంలో కొందరు మిమ్మల్ని భయపెడతారు. 2001 నాటి నిబంధనల ప్రకారం జంతువులతో సినిమా తీయాలంటే ముందుగా జంతు సంక్షేమ బోర్డుకు దరఖాస్తు చేసుకోవాలని, పశువైద్యుడి పత్రం జతచేయాలని, తీశాక నిరభ్యంతర పత్రం తెచ్చుకుంటే తప్ప సెన్సార్ సర్టిఫికెట్ రాదని చెబుతారు. పట్టించుకోకండి. ముందు తీసేయండి. ఆనక ఆ ఎడ్లు గ్రాఫిక్స్ అని చెప్పి వాటి స్థానంలో నిజంగానే గ్రాఫిక్స్ పెట్టొచ్చు. దానికి మీ మొత్తం బడ్జెట్ అవుతుంది, అంతకంటే ఏం కాదు.

రాయ్ మొదటి రోజు తెల్లటి రెల్లు పూల మధ్య అక్కాతమ్ముళ్లను పెట్టి సన్నివేశం సగం తీశారు. వచ్చే ఆదివారం మిగతాది తీద్దామని వెళితే ఆవులు పూలన్నీ మేసేశాయి. ఏం చేయాలి? ప్లాస్టిక్ పూలు తెప్పించాలి. ఆయన మళ్లీ రెల్లు పూసేదాకా ఏడాది ఆగారు. అలా తీసిన సన్నివేశాన్ని ప్రపంచం ఇప్పటికీ తలుచుకుంటుందంటే, జనానికి ప్లాస్టిక్ విలువ తెలియకనే.

6. పాత పరిచయాలన్నీ తెంచుకోండి, ఊరివాళ్లను డబ్బు అడగకండి

వెళ్లేముందు క్లయింట్లందరినీ ఒకసారి కడిగిపారేయండి. బెనెగల్ ఆ పని చేయలేదు. ఏళ్ల తరబడి ఆయన యాడ్‌లు తీస్తుంటే, వాటిని సినిమా హాళ్లలో వేయించే వ్యాపారం బ్లేజ్ అనే సంస్థది. చివరికి ‘అంకుర్’కి డబ్బు పెట్టింది ఆ సంస్థే. పాత దుకాణం మెట్ల మీద నుంచే కొత్త దుకాణంలోకి దిగినట్టయింది. తిరుగుబాటు అనిపించుకుంటుందా అది?

రాయ్ ఇన్సూరెన్సు పాలసీ మీద అప్పు తెచ్చారు, భార్య నగలు తాకట్టు పెట్టారు, అవీ అయిపోయాక పశ్చిమ బెంగాల్ ప్రభుత్వాన్ని ఆశ్రయించారు. సర్కారు ఆ డబ్బును రోడ్ల అభివృద్ధి పద్దు కింద రాసి ఇచ్చింది. అంతంత ఓపిక మీకెందుకు? అమెరికాలో ఉన్న ఇంజినీరింగ్ స్నేహితులు అయిదుగురితో ఒక వాట్సాప్ గ్రూపు పెట్టండి. సినిమా డబ్బు తిరిగి రాదన్న ముక్క మాత్రం అందులో రాయకండి. స్నేహం ఎటూ తర్వాత పోతుంది, ముందే పోగొట్టుకోవడం దేనికి?

ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకూడనిది ‘మంథన్’ (1976) పద్ధతి. పాల సహకార సంఘాల మీద సినిమా అనుకున్నారు. గుజరాత్‌లో ఆ సంఘాల రైతులు ఐదు లక్షల మంది తలా రెండు రూపాయలు వేసుకుంటే పది లక్షలయ్యాయి, సినిమా అయింది. ఐదు లక్షల మంది నిర్మాతలండీ! ఒక్క క్లయింటుకే మీకు బీపీ వచ్చింది. పైగా వీళ్లందరికీ గేదెను పితకడం వచ్చు; హీరో చెయ్యి ఎక్కడ పెట్టాడో ఫ్రేముకొక తప్పు పట్టగలరు. అది చాలనట్టు, మన డబ్బుతో తీసిన మన సినిమా అంటూ లారీలెక్కి వచ్చి చూశారు. బెనెగల్‌కి ఇంకా బుద్ధి రాలేదు. చేనేతవాళ్ల మీద ‘సుస్మన్’ (1987) తీయడానికి మళ్లీ సహకార సంఘాల గడపే తొక్కారు. ‘మంథన్’లో ప్రీతి సాగర్ పాడిన పాట చివరికి అమూల్ టీవీ ప్రకటన అయి కూర్చుంది. యాడ్ ప్రపంచం నుంచి బయటపడిన మనిషి సినిమా పాల యాడ్‌లో తేలిందంటే, తెంపుకోవాల్సినవి సరిగ్గా తెంపుకోకపోతే ఇంతే.

7. మట్టికి కూడా మేకప్ కావాలి

యాడ్‌లో పాలంటే జిగురు, తేనె అంటే ఇంజన్ ఆయిల్, ఐస్‌క్రీమ్ అంటే మెదిపిన బంగాళాదుంప. ఇంత విద్య నేర్చుకొని పల్లెలో దాన్ని వాడకపోవడం పాపం. చెమటకు గ్లిజరిన్, కన్నీటికి గ్లిజరిన్, వానకు ట్యాంకరు. మొదటి షాటు డ్రోన్, చివరి షాటు డ్రోన్, మధ్యలో ఏం చేయాలో తోచనప్పుడల్లా డ్రోన్. రంగులు దిద్దే డీఐలో సినిమా మొత్తానికి పసుపు పట్టించండి, పెళ్లికూతురికి పట్టించినా అంత పట్టించి ఉండరు. బోరు మోటారు చప్పుడు, గుడి మైకు, ఉల్లిగడ్డలమ్మే ఆటో మీద రికార్డు, ఇవన్నీ ట్రాకులోంచి పీకేసి ఆ ఖాళీలో వేణువు పెట్టండి.

రాయ్ కెమెరా అప్పగించింది ఇరవై ఒక్క ఏళ్ల సుబ్రతా మిత్రాకు. అంతకుముందు అతను సినిమా కెమెరా నడపలేదు. తర్వాత ‘అపరాజితో’లో కాశీ ఇంటి లోగిలిని స్టూడియోలో కట్టినప్పుడు, పైన తెల్లగుడ్డ కట్టి, లైట్లు దాని మీద పడి కిందికి వచ్చేలా చేశాడు. అలాంటి లోగిలిలో పగటి వెలుగు ఎలా ఉంటుందో అలాగే కనిపించాలట! ఉన్నది ఉన్నట్టు చూపించడానికి లైట్లెందుకు?

అస్సాంలో రీమా దాస్ సంగతి ఇంకా విడ్డూరం. సొంత ఊరి పిల్లలతో, దర్శకత్వం, కెమెరా, ఎడిటింగ్ అన్నీ తనే చూసుకుంటూ ‘విలేజ్ రాక్‌స్టార్స్’ తీశారు. అది 2018లో జాతీయ ఉత్తమ చిత్రమైంది, మన దేశం తరఫున ఆస్కార్ ఎంట్రీగా వెళ్లింది. కేరవాన్ లేదు, మానిటర్ ముందు మడతకుర్చీ లేదు, కుర్చీ వెనక మీ పేరు లేదు. మరి దర్శకుడెవరో ఊరికి ఎలా తెలుస్తుంది?

8. డైరెక్టర్స్ నోట్ ముందు రాసేయండి

ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అని వెక్కిరిస్తారు గానీ, ఫెస్టివల్స్ విషయంలో సోమలింగమే ముఖ్యం. సినిమా తీయకముందే నోట్ రాసుకోండి. ‘కనుమరుగవుతున్న జీవన విధానానికి నివాళి’ అని మొదలుపెట్టండి. కనుమరుగవుతున్నవాళ్లు ఎదురుగా బీడీ కాలుస్తూ కూర్చున్నా సరే, నివాళి నివాళే.

కాన్ గురించి ఒక కిటుకు. అక్కడ మే నెలలో జరిగేది సినిమా పండగ, జూన్‌లో జరిగేది ప్రకటనల పండగ. రెండూ సముద్రం ఒడ్డున ఒకే భవనంలో. మీ పాత షాంపూ యాడ్ ఎంట్రీతో జూన్‌లో వెళ్లి ఆ మెట్ల మీద ఫొటో దిగండి. చుట్టాలకు తేడా తెలియదు, మీరూ చెప్పకండి.

9. షూటింగ్ అయ్యాక ఆ ఊరి ముఖం చూడకండి

ఇది అన్నిటికంటే ముఖ్యం. కియరోస్తమీ 1987లో ఉత్తర ఇరాన్‌లోని కోకర్ గ్రామంలో ‘స్నేహితుడి ఇల్లెక్కడ’ అనే సినిమా తీశారు. ఒక పిల్లాడు తోటి పిల్లాడి నోట్‌బుక్ తిరిగి ఇవ్వడానికి ఊళ్లు తిరుగుతాడు, అంతే కథ. అక్కడితో సంచి సర్దుకుంటే సరిపోయేది. 1990లో ఆ ప్రాంతంలో పెద్ద భూకంపం వచ్చింది. తన సినిమాలో నటించిన పిల్లలు బతికున్నారో లేదోనని ఆయన కారేసుకొని బయల్దేరారు. ఇలా వెళితే ఏమవుతుందో తెలుసా? ఆ వెతుకులాట మీద 1992లో ఇంకో సినిమా తీయాల్సొచ్చింది. ఆ సినిమా తీస్తుండగా చూసిన మనుషుల మీద 1994లో మూడోది. పలకరింపుగా వెళ్లిన పాపానికి నాలుగేళ్లు ఆ కొండల్లో ఇరుక్కుపోయారు.

సినిమాను ఊళ్లో వేయడం కూడా ప్రమాదమే. 2023లో ‘బలగం’ వచ్చినప్పుడు తెలంగాణ ఊళ్లలో తెరలు కట్టి, పిల్లాజెల్లా నేల మీద కూర్చొని చూశారు. వాళ్ల చావు, వాళ్ల పిట్టకు పెట్టే కూడు, వాళ్ల అన్నదమ్ముల పంచాయితీ తెర మీద కనిపిస్తే జనం తమను తాము గుర్తుపట్టి ఏడ్చారు. మీ సినిమాలో ఆ భయం లేదనుకోండి. అయినా ఎందుకొచ్చిన తంటా?

సర్పంచ్ మరీ పట్టుబడితే ట్రైలర్ ఒక్కటి చూపించండి. అందులో వాళ్ల చెరువు ఉంటుంది, వాళ్ల చెట్టు ఉంటుంది, వాళ్ల ఎడ్లుంటాయి, వెనక వరసలో వాళ్లూ ఉంటారు. చూశాక ఎవరైనా ‘బాగుంది సారూ, ఇది ఏ ఊరు?’ అని అడుగుతారు. కంగారుపడకండి. ‘ఇది అన్ని ఊళ్ల కథ’ అని చెప్పి, రెండో ప్రశ్న వచ్చేలోపు కారెక్కేయండి. ఏజెన్సీలో మీ కుర్చీ ఇంకా ఖాళీగానే ఉంది. ఒక ట్రాక్టర్ కంపెనీ ‘పల్లె గురించి లోతుగా తెలిసిన’ క్రియేటివ్ డైరెక్టర్ కోసం వెతుకుతోందట, జీతం పాతదానికి రెండింతలు.